అకాడియా నావికుడు జోసెఫ్: ఇద్దరిలో మావాడెవరు? వంశవృక్షంలో గీత గీసేయొచ్చా?

కృష్ణాతీరం
మేం లూసియానాలో ఉంటాం. మా ఆవిడ వాళ్లు కేజన్లు, అంటే అకాడియన్ల సంతతి. అకాడియా అంటే ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా వైపు; అక్కడ ఫ్రెంచి రైతుల ఊళ్లుండేవి. 1755లో బ్రిటిష్ లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ లారెన్స్ వాళ్లందర్నీ ఓడలెక్కించి వెళ్లగొట్టాడు. సెప్టెంబర్ 5న గ్రాన్-ప్రే చర్చికి పదేళ్లు దాటిన మగవాళ్లను పిలిపించి, మీ భూములూ పశువులూ ఇక రాజుగారివని చదివి వినిపించారు.

మా ఆవిడ పూర్వీకుడు జోసెఫ్‌కి అప్పుడు ఎనిమిదేళ్లని ఇంట్లో చెప్పుకుంటారు. వర్జీనియా పంపితే అక్కడ ఉండనివ్వలేదు. 1756లో ఇంగ్లండుకి తోలారు. 1763 దాకా అక్కడే నిర్బంధం. తర్వాత ఫ్రాన్స్‌లోని సెయింట్ మాలో రేవులో నావికుడయ్యాడు. 1785లో స్పెయిన్ ఖర్చుతో లూసియానా వచ్చిన ఏడు ఓడల్లో ఒకదాంట్లో దిగాడు.

గ్రాన్-ప్రే చర్చి రిజిస్టర్‌లో ఇదే ఇంటిపేరుతో ఇద్దరు జోసెఫ్‌లున్నారు: ఒకడు 1744లో పుట్టాడు, ఇంకొకడు 1747లో. కుటుంబాలు వేరు, కానీ ఇద్దరి తండ్రుల పేరూ పియెర్, ఇద్దరి తల్లుల పేరూ మార్గెరీత్. ఓడ జాబితాలో వయసు 38 అని ఉంది కాబట్టి మావాడు 1747 వాడే. వంశవృక్షంలో మమ్మల్ని అతనికి కలుపుతూ గీత గీసి ఆన్‌లైన్‌లో పెట్టేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

పాతకాగితం
వద్దు. సెయింట్ మాలో నావికుల రిజిస్టర్ చూశారా? ఫ్రాన్స్‌లో రేవు మనుషుల్ని నౌకాదళానికి పట్టుకెళ్లడానికి ప్రతి నావికుడినీ రాసుకునేవాళ్లు: తండ్రి పేరు, పుట్టిన చోటు, వయసు, ఎత్తు, జుట్టు రంగు. అందులో ఎంత వయసుంది?

కృష్ణాతీరం
1770లో 26 అని ఉంది. కానీ ఆ రోజుల్లో వయసు నోటికొచ్చింది రాసేవాళ్లు.

పాతకాగితం
26 అంటే 1744. మీకు కావలసిన 38 మాత్రం నిజం, అక్కర్లేని 26 మాత్రం నోటికొచ్చిందా?

యానాం_పిల్లాడు
మా తాతగారి యానాం జనన రికార్డు నాకు ఫ్రాన్స్ వలస ప్రాంతాల భాండాగారం సైట్లోనే దొరికింది. ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లో ఉంది. కెనడా పక్కనున్న ఫ్రెంచి దీవులు సెయింట్ పియెర్-మికలోన్ రిజిస్టర్లూ అక్కడే ఉన్నాయి. అకాడియన్లు చాలామంది ఆ దీవులకీ వెళ్లారు, చూడండి.

కృష్ణాతీరం
మావాడు అటు వెళ్లలేదండీ. పాతకాగితం గారూ, మూడేళ్ల తేడాకి ఇంత పట్టుదలా? సముద్రం మీద బతికినవాడికి పుట్టినరోజు ఎవరు గుర్తుపెడతారు?

పాతకాగితం
మూడేళ్లు కాదు, మూడు అక్షరాలైనా అంతే. మా నాన్న పేరూ పక్క ఊరి మనిషి పేరూ ఒకటే. తండ్రుల పేర్లూ ఒకటే. ఒక గుమస్తా ఇద్దర్నీ ఒకే పాసు పుస్తకంలోకి ఎక్కించాడు. రెండెకరాల పదిహేను సెంట్ల కోసం మా అమ్మ పదకొండేళ్లు తిరిగింది. తీర్పు వచ్చేనాటికి ఆవిడ లేదు. "ఇద్దరూ ఒకరే అయ్యుంటారులే" అనే మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

చిన్నక్క
అయ్యో. కానీ ఇది పొలం కాదు కదా అన్నయ్యా.

సావేరి
మీరిద్దరూ వయసు పట్టుకుని వేలాడుతున్నారు. 1767 బెల్-ఈల్ వాంగ్మూలాలు చూశారా? 1765లో ఫ్రాన్స్‌లోని ఆ దీవిలో 78 అకాడియన్ కుటుంబాలకి భూములిచ్చారు. చర్చి పుస్తకాలు చెదిరిపోయాయని ఒక్కో ఇంటి పెద్దనూ కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, తాతముత్తాతల నుంచి చెప్పించి రాసుకున్నారు. అన్నదమ్ములు ఎక్కడెక్కడ తేలారో కూడా అందులో ఉంటుంది.

కృష్ణాతీరం
చూశాను. పెద్దగా ఏమీ లేదు.

సావేరి
ఏం లేదు? ఇంటిపేరు రాయకపోయినా ఫర్వాలేదు, ఆ వాక్యం మాత్రం పెట్టండి.

కృష్ణాతీరం
(ఆరు గంటల తర్వాత) 1747 జోసెఫ్ పెదనాన్న చెప్పింది ఇది: "నా తమ్ముడు పియెర్, అతని భార్య, పిల్లలు ఇంగ్లండులో పోయారు." అంతే. పిల్లల పేర్లు లేవు.

పాతకాగితం
అంటే మీ జోసెఫ్ చనిపోయాడని సొంత పెదనాన్న ప్రమాణం చేసి చెప్పాడు. అది దాచి మమ్మల్ని గీత గీయమని అడుగుతున్నారా!

కృష్ణాతీరం
దాచలేదు! ఆ పెదనాన్న ఉన్నది లివర్‌పూల్‌లో, తమ్ముణ్ని దింపింది బ్రిస్టల్‌లో. మశూచికి వందలమంది పోయారు. ఎవరో చెబితే అందరూ పోయారనుకున్నాడు. అనాథ పిల్లాణ్ని ఇంకో కుటుంబం తీసుకుని ఉండొచ్చు. మీకు అర్థం కానిది ఒకటుంది. మా ఆవిడ తాతగారికి 88 ఏళ్లు. చిన్నప్పుడు బడిలో ఫ్రెంచి మాట్లాడినందుకు దెబ్బలు తిన్నాడు. భాష పోయింది. ఆయనకి మిగిలింది ఆ ఎనిమిదేళ్ల పిల్లాడి కథొక్కటే. "అది మీ పిల్లాడు కాదట" అని నేను వెళ్లి చెప్పాలా?

చిన్నక్క
ఇదీ అసలు సంగతి.

పాతకాగితం
ముందే చెప్పి ఉంటే నేను అలా మాట్లాడేవాణ్ని కాదు. అయినా నా మాట అదే. తాతగారికి కథ కథగా చెప్పండి, ఎవరు కాదంటారు? ఆన్‌లైన్‌లో పెట్టారంటే మాత్రం రేపటికి యాభైమంది దించుకుంటారు, తర్వాత మీరే దిద్దినా ఎవరూ దిద్దుకోరు. ఆ 1744 పిల్లాడికీ ఒక తల్లి ఉంది. నిజంగా బతికి ఓడ దిగింది అతనే అయితే, ఆవిణ్ని చెరిపేసినట్టు కాదా?

సావేరి
పెళ్లి రికార్డు ఉందా? అందులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఫ్రెంచి రికార్డుల్లో ఆడవాళ్లకి పెళ్లయినా పుట్టింటి పేరే రాస్తారు.

కృష్ణాతీరం
ఉంది. 1773, సెయింట్ మాలో పక్కన సెయింట్ సెర్వాన్‌లో. "మార్గెరీత్" దాకా చదవగలిగాను. ఆ పక్కన సిరా పాకి నల్లటి మరక అయిపోయింది. ఫోన్‌లో ఎంత పెద్దది చేసినా ఒక్క అక్షరం పైతోక తప్ప కనబడదు.

సావేరి
కింద మినహాయింపు ఏమైనా రాశారా? దగ్గర బంధువుల్లో పెళ్లికి చర్చి ఒప్పుకోదు. మనకి మేనరికం మామూలే, వాళ్లకి అనుమతి కావాలి. ఎన్నో తరంలో చుట్టరికమో రాసి మరీ ఇచ్చేవాళ్లు.

కృష్ణాతీరం
ఉంది! "మూడు, నాలుగు తరాలు" అని ఉంది. ఇన్నాళ్లూ అదేదో చర్చి లాంఛనం అనుకున్నా.

సావేరి
అంటే ఇద్దరికీ ఒకే మూలపురుషుడు. ఒకరికి ముత్తాత, రెండోవాళ్లకి ముత్తాత తండ్రి. పెళ్లికూతురి వైపు పైకి కట్టండి. తర్వాత ఇద్దరు మార్గెరీత్‌ల పుట్టిళ్లూ కట్టండి. ఏది కలుస్తుందో చూద్దాం. రెండూ కలిసినా కలవొచ్చు, అకాడియాలో అందరూ చుట్టాలే.

పాతకాగితం
1744 పిల్లాడి తల్లి వైపు నేను చూస్తాను. 1714, 1686 జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లున్నాయి. అవి నా దగ్గరున్నాయి. అందాకా గీత చుక్కల్లో ఉంచండి. తాతగారికి ఇద్దరు జోసెఫ్‌లనీ చూపించండి.

కృష్ణాతీరం
ఆదివారం వెళ్తున్నా. ఆ మరక ఉన్న పేజీ కూడా ప్రింటు తీసి పట్టుకెళ్తా.