ఈ వారం సమస్య: “యాపిలొకటి లేక యాపిలయ్యె”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. పద్ధతి తెలిసిందే: చివరి పాదం మేమిస్తాం, పై మూడు పాదాలు రాసి పద్యం పూరించడం మీ వంతు. ఇచ్చిన పాదం ఆటవెలదిలో నాలుగోది. అయిదూ సూర్యగణాలే, యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే జత, యా–యా. విషయం వంటింటిది: అమెరికా వాళ్ల ‘మాక్ యాపిల్ పై’, అంటే యాపిల్ ముక్క ఒక్కటీ పడని యాపిల్ పై (‘పై’ అంటే మైదా పొరల మధ్య తీపి కూరి కాల్చే వంటకం). ఫోన్లు, కంప్యూటర్లు అమ్మే కంపెనీని దయచేసి లాక్కురావద్దు. ఆ విరుపు ఎవరికైనా తట్టేదే.

వంటకం తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. రిట్జ్ బిస్కెట్లు 1934లో బజారుకొచ్చాయి. తర్వాత ఆ పెట్టె మీద అచ్చేసిన పద్ధతే ఎక్కువమందికి తెలుసు. 36 బిస్కెట్లు తుంచి మైదా పొరలో పేరుస్తారు. రెండు కప్పుల నీళ్లు, రెండు కప్పుల పంచదార, రెండు టీస్పూన్ల క్రీమ్ ఆఫ్ టార్టార్ (పుల్లటి తెల్ల పొడి) కలిపి మరిగించి, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, కాస్త నిమ్మతొక్క తురుము వేసి, చల్లారాక దాని మీద పోస్తారు. పైన వెన్న, దాల్చినచెక్క పొడి. ఇంకో మైదా పొర కప్పి 425 ఫారెన్‌హీట్ దగ్గర అరగంట పైగా కాలుస్తారు. పూరణలు రానివ్వండి.

గుంటూరు మిర్చి:
బోణీ నాదే.

పంచదార నిమ్మ పాకాన మరిగించి
బిస్కతులను నానబెట్టి పేర్చి
చెక్కపొడిని చల్లి చిటికెలో కాల్చంగ
యాపిలొకటి లేక యాపిలయ్యె

గణపరీక్ష:
గణాలు సరిపోయాయి. బి–బె యతి కూడా చెల్లుతుంది. పద్యం సాఫీగా ఉంది కానీ వంట తేడా కొట్టింది. నానబెట్టాక పేర్చడం కాదు, పేర్చాక పోయాలి. ముందే నానబెడితే చేతికొచ్చేది పై కాదు, ఉప్మా. ఇక అరగంట కాలేదాన్ని ‘చిటికెలో’ అంటే ఎలాగండీ? ‘చెక్కపొడిని చల్లి సెగలోన కాల్చంగ’ అనండి. చె–సె యతి నిలుస్తుంది, అబద్ధం పోతుంది.

గుంటూరు మిర్చి:
చిటికెడు పొడి అనే అర్థం కూడా వస్తుందని వేశాను సార్. సరే, సెగలోనే కాలుద్దాం.

చరిత్ర పిచ్చి:
అందరూ రిట్జ్ దగ్గరే మొదలుపెడతారు. ఈ వంట అంతకన్నా చాలా పాతది. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది. 1863లో దక్షిణాది రాజధాని రిచ్మండ్‌లో అచ్చయిన ఒక వంటల పుస్తకంలో ‘యాపిల్ లేని యాపిల్ పై’ ఉంది. నానిన బిస్కెట్లు, టార్టారిక్ ఆమ్లం, తీపి, వెన్న, కాస్త జాజికాయ. అంతే.

రేవు మూతపడగ రిచ్మండు వనితలు
పులుపు పొడిని కలిపి పొయ్యిలోన
కాల్చినట్టి రొట్టె కరగంగ నోటిలో
యాపిలొకటి లేక యాపిలయ్యె

గణపరీక్ష:
ఇది పద్యం. మొదటి పాదంలోనే కాలం, చోటు, కారణం మూడూ పడ్డాయి. రే–రి యతి చక్కగా కుదిరింది. ‘పులుపు పొడి’ అని తేలిక మాటలో తేల్చడమూ బాగుంది, టార్టారిక్ ఆమ్లాన్ని గణాల్లో ఇరికిస్తే పద్యం పళ్లు నూరేది. ఒక్క ‘రొట్టె’ దగ్గరే నాకు అసంతృప్తి. అక్కడ ఉండాల్సింది బిస్కెట్. రొట్టె అంటే మనకు జొన్నరొట్టె గుర్తొస్తుంది.

సైన్సు మాస్టారు:
ఆ టార్టారిక్ ఆమ్లం మనకు కొత్తేం కాదు. చింతపండు పులుపు అదే. క్రీమ్ ఆఫ్ టార్టార్ దాని పొటాషియం లవణం, ద్రాక్షసారా పీపాల లోపల పేరుకుంటుంది. యాపిల్‌లో ముఖ్యమైన ఆమ్లం మాలిక్, నిమ్మలో సిట్రిక్. ఆమ్లాలు వేరైనా నోటికి పులుపు పులుపే.

గుంటూరు మిర్చి:
అయితే చింతపండు రసం పోసేయొచ్చా?

సైన్సు మాస్టారు:
వద్దు. రంగు నల్లబడుతుంది, వాసన పట్టిస్తుంది. పులిహోర పై అవుతుంది.

తెనాలి కుర్రాడు:
నాదీ చూడండి. 1930ల ఆర్థిక మాంద్యం మీద.

కాసు చేత లేని కరవు రోజులలోన
పండు కొనగలేని పడతి యొకతె
అట్టపెట్టె మీది అచ్చును చదివింది
యాపిలొకటి లేక యాపిలయ్యె

గణపరీక్ష:
మూడో పాదంలో ‘మీది అచ్చు’ విసంధి, అంటే కలపాల్సిన రెండు అచ్చులను విడిగా వదిలేశారు. ‘మీది యచ్చును’ అంటే యడాగమం వస్తుంది, అ–య యతి కూడా చెల్లుతుంది. ‘చదివింది’ దగ్గర వాక్యం ఆగిపోయి నాలుగో పాదం ఒంటరిదైంది. ‘చదువంగ’ అంటే అతుకు పడుతుంది.

చరిత్ర పిచ్చి:
నాకు రెండో పాదంతో పేచీ. మాంద్యంలో యాపిల్‌కు కరువేమీ లేదు. 1930లో న్యూయార్క్ వీధి మలుపుల్లో నిరుద్యోగులు యాపిళ్ల పెట్టె పక్కన పెట్టుకుని ఒక్కోటి అయిదు సెంట్లకు అమ్మారు. కొనేవాడి జేబులో డబ్బు లేకపోయి ఉండొచ్చు, పండు మాత్రం కళ్ల ముందే ఉంది. పండు అందక ఈ పై పుట్టిందనే కథ అంతర్యుద్ధానికి సరిపోతుంది. రిట్జ్ పెట్టెకు అంత సులువుగా అతకదు. బిస్కెట్లూ డబ్బు పెట్టి కొనాల్సినవే కదా! ఇందులో పేదరికం ఎంతుందో బిస్కెట్ల ప్రచారమూ, ఇంటికొచ్చినవాళ్లను బోల్తా కొట్టించే సరదా అంతే ఉన్నాయని నా అనుమానం.

తెనాలి కుర్రాడు:
ఒప్పుకున్నాను సార్. ఇలా మార్చాను.

కాసు చేత లేని కరవు రోజులలోన
పండు వీధినుండ పడతి యొకతె
అట్టపెట్టె మీది యచ్చును చదువంగ
యాపిలొకటి లేక యాపిలయ్యె

గణపరీక్ష:
‘పండు వీధినుండ’! వీధిలో పండు, ఇంట్లో అట్టపెట్టె. ఒక్క మాట మారేసరికి పద్యం నిటారుగా నిలబడింది.

పాత పుస్తకాలు:
వంటింట్లోంచి కొంచెం బయటికి వెళ్తాను. బైబిల్ ఆదికాండంలో ఏదెను తోటలో తిన్నది ‘పండు’ అనే ఉంది, యాపిల్ అని లేదు.

ఆదికాండమందు నాపిలన్ పేరేది
పండటంచు చెప్పె పాతగాథ
చిత్రకారు చేతి చిత్తరువున జేరి
యాపిలొకటి లేక యాపిలయ్యె

నిర్వాహకుడు:
విరుపు అద్భుతం. ఇంకో వారమైతే మొదటి బహుమతి మీకే. కానీ పై ఎక్కడండీ? పోటీకి లెక్కించను, దాచుకుంటాను.

సైన్సు మాస్టారు:
పై నేను చేసి చూశాను. కత్తితో కోసినప్పుడు తమాషా కనబడింది. తుంచిన బిస్కెట్లు పాకం పీల్చి ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పలచటి చెక్కల్లా పడుకుని ఉన్నాయి. అంచులు కాస్త పారదర్శకంగా, అచ్చం ఉడికిన పండు ముక్కలే. ఆమ్లంతో కలిపి మరిగిస్తే పంచదార కొంత గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. ఫ్రక్టోజ్ యాపిల్‌లోనూ దండిగా ఉండేదే. ఇక పండు వాసన ఎక్కణ్నుంచి వచ్చిందంటే...

నాలుకకును దెలియు నాల్గైదు రుచులంతె
ముక్కు చేయు మిగత ముచ్చటంత
చెక్క వాసనొకటి చేరినన్ చాలురా
యాపిలొకటి లేక యాపిలయ్యె

గణపరీక్ష:
షడ్రుచుల దేశంలో ఉండి ‘నాల్గైదు’ అంటారా! అయినా సరే, ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఎందుకు యాపిలయ్యిందో చెప్పింది ఇదొక్కటే. మిగతావన్నీ ఎలా చేశారో చెప్పి ఊరుకున్నాయి. ‘అంతె’, ‘చాలురా’ వాడుక మాటలే, ఈ పద్యానికి అవే అందం.

డల్లాస్ కోడలు:
మాస్టారూ, ‘చేరినన్ చాలురా’ అన్నది అందరికీ వర్తించదు. చిన్నప్పట్నుంచి యాపిల్ పై తిన్నవాళ్లకు దాల్చినచెక్క వాసన తగలగానే యాపిల్ గుర్తొస్తుంది. మనవాళ్లకు గుర్తొచ్చేది వేరు. మా ఇంట్లో జరిగిందే రాస్తున్నా.

కొరికి చూచి యత్త “కోడలా, బిరియాని
వాసనేమిటిందు వచ్చె”ననగ
మనుమరాలు తినుచు మామ్మతో ననెనిట్లు
“యాపిలొకటి లేక యాపిలయ్యె!”

చరిత్ర పిచ్చి:
😂 ఒకే ముక్క, ఒకరికి బిర్యానీ, ఒకరికి యాపిల్. మాస్టారి సిద్ధాంతం సగం కూలింది.

సైన్సు మాస్టారు:
కూలలేదు, గట్టిపడింది. ముక్కు పాత జ్ఞాపకాన్నే తవ్వుతుంది, అత్తగారి ముక్కు పెళ్లిభోజనాల్లో పెరిగింది. ఇంతకీ ఆవిడ రెండో ముక్క తిన్నారా?

డల్లాస్ కోడలు:
తిన్నారు. పక్కన పెరుగుపచ్చడి లేదా అని అడిగారు.

గణపరీక్ష:
సమస్యాపాదాన్ని ఎవరో ఒకరి నోట పలికించడం పాత కిటుకే. కానీ ఇక్కడ ఆ పిల్ల తప్ప ఇంకెవరూ ఆ మాట అనలేరు. కొ–కో, వా–వ, మ–మా, యతులన్నీ శుభ్రం. ‘బిరియాని’ అని సాగదీసినందుకు మార్కులు కోయను.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం డల్లాస్ కోడలు గారికి. రెండోది చరిత్ర పిచ్చి గారి రిచ్మండు పద్యానికి, ‘రొట్టె’ సంగతి చూస్తారన్న షరతు మీద. మాస్టారికి మూడోది, ఆయన ఒప్పుకోకపోయినా.

వచ్చే వారం కూడా ఆటవెలదే: “చేప లేని పులుసు చేపపులుసు”. అరటికాయ, వంకాయ, ఏదైనా సరే. గడువు ఆదివారం రాత్రి. యతి తప్పితే తీసుకోబడదు.