అమెరికాలో ఎన్పీ (నర్స్ ప్రాక్టీషనర్) చదివితే ఓపీటీ (చదువు అయ్యాక పని చేసుకునే అనుమతి) ఏడాదిలో ఉద్యోగం దొరుకుతుందా? ఇల్లు తాకట్టు పెట్టే ముందు అడుగుతున్నా

కర్నూలు_ఐసీయూ:

అందరికీ నమస్తే. కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. జీతం 24 వేలు. బీఎస్సీ నర్సింగ్ చదివా. అమెరికా నర్సుల లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లో రాసి పాసయ్యా, అమెరికాలో ఒక రాష్ట్రం ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు కూడా వచ్చింది. ఇప్పుడు అక్కడి ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సెన్ (నర్సింగ్‌లో మాస్టర్స్), ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు.

డబ్బు సంగతి చెప్తా. మొత్తం 45 లక్షల దాకా లోను కావాలి. పత్తికొండ దగ్గర నాయనకు నాలుగెకరాలుంది, టమోటా వేస్తాడు. వ్యవసాయ భూమి మాకొద్దని బ్యాంకువాళ్లు తేల్చేశారు. ఇక మిగిలింది కల్లూరులో ఉన్న ఇల్లే. నాయన సరేనన్నాడు. అమ్మకే మనసొప్పడం లేదు. "దాంట్లో పావు వంతు పెడితే పెళ్లే అయిపోతుంది కదే" అంటుంది.

కన్సల్టెన్సీలో ఏమన్నారంటే, చదువు అయిపోగానే మూడేళ్లు పని చేసుకోవచ్చు, ఆలోపు హెచ్-1బీ వర్క్ వీసా దానంతటదే వస్తుంది అని. మా చిన్నాన్న కొడుకు కంప్యూటర్స్‌లో ఎమ్మెస్ చేసి మూడేళ్లు ఓపీటీ మీదే ఉన్నాడు కాబట్టి ఇంట్లో అందరూ అదే నమ్మారు. కానీ మా కాలేజీ సీనియర్ ఒకామె నర్సింగ్‌కు ఏడాదే అంటోంది. ఏది నిజం? ఏడాదే అయితే ఆ ఏడాది కోసం ఎన్పీగా ఎవరైనా తీసుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి. కన్సల్టెన్సీ నంబర్లు మాత్రం పెట్టొద్దు, దండం పెడతా.

కడప_కుర్రోడు:

మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్ అక్కా. 12 నెలల ఓపీటీ అందరికీ ఉంటుంది. ఆ పైన 24 నెలల ఎక్స్‌టెన్షన్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సులకే. మీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం) వచ్చాక దాని మీద సీఐపీ కోడ్, అంటే కోర్సు రకం చెప్పే నంబరు, చూడండి. నర్సింగ్ కోర్సుల కోడ్‌లు 51.38తో మొదలవుతాయి, అవి స్టెమ్ జాబితాలో లేవు. మీ తమ్ముడిది 11తో మొదలై ఉంటుంది. నేనూ ఆ బాపతే, కాబట్టి నర్సు ఉద్యోగాల గురించి నాకు తెలిసింది సున్నా. తెలిసినవాళ్లు రాస్తారు, ఆగండి.

అనంత_ఎన్పీ:

చెల్లీ, నేను అనంతపురం పిల్లనే. ఎఫ్-1 స్టూడెంటు వీసా మీద పోయి, ఓపీటీ చేసి, ఇప్పుడు హెచ్-1బీ మీద ఎన్పీగా పని చేస్తున్నా. వీసా స్టాంపింగ్‌కు ఇక్కడికి వస్తే అపాయింట్‌మెంట్ వెనక్కి జరిపారు, రుద్రంపేటలో అమ్మ చేతి ఓళిగలు తింటూ కూర్చున్నా. తీరిక ఉంది కాబట్టి వివరంగా రాస్తా.

ముందు ఒక మాట. ఓపీటీ 12 నెలలు అని కాగితం మీద ఉంటుంది గానీ ఎన్పీకి అందులో సగమే దక్కుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికొస్తే మర్నాడు ల్యాప్‌టాప్ ఇస్తారు. మనకలా కుదరదు. డిగ్రీ అయ్యాక ఏఏఎన్‌పీసీబీ గానీ ఏఎన్‌సీసీ గానీ పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి. ఏఏఎన్‌పీసీబీకి దరఖాస్తు చదువు ముగియక ముందే పెట్టుకోవచ్చు, కానీ ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ అందితే గానీ సర్టిఫికెట్ ఇవ్వరు. సర్టిఫికెట్ వచ్చాక రాష్ట్ర బోర్డు నుంచి ఏపీఆర్‌ఎన్ లైసెన్సు, అంటే ఎన్పీగా పని చేసే లైసెన్సు. మందులు రాసే అధికారం చాలా చోట్ల దానికి వేరే. కంట్రోల్డ్ మందులు (అలవాటు పడే ప్రమాదమున్నవి) రాయాలంటే డీఈఏ అనే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్, మూడేళ్లకు 888 డాలర్లు. ఆ తర్వాత అసలైన జాప్యం క్రెడెన్షియలింగ్, అంటే ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర నీ పేరు ఎక్కించడం. దానికి మూడు నాలుగు నెలలు మామూలే. పేరు ఎక్కకపోతే నువ్వు చూసిన పేషెంటుకు క్లినిక్‌కు డబ్బులు రావు. అందుకే చిన్న క్లినిక్‌లు ఏడాది కార్డున్న మనిషిని చూసి వెనక్కి తగ్గుతాయి. వాళ్ల లెక్క వాళ్లది, తిట్టడానికేం లేదు.

ఇంకో పక్క 90 రోజుల గడియారం. ఈఏడీ మీద ఉన్న తేదీ నుంచి మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉంటే స్టేటస్ పోతుంది. అందుకని తేదీ ఆచితూచి ఎంచుకోవాలి. ఓపీటీకి పెట్టే ఐ-765 ఫారం కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా వేయొచ్చు. ఓపీటీ మొదలయ్యే తేదీ మాత్రం కోర్సు ముగిసిన 60 రోజుల్లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. మన చెల్లెళ్లు చాలామంది ఆత్రంగా గ్రాడ్యుయేషన్ మర్నాటి తేదీ పెడతారు. నువ్వు చివరి తేదీకి దగ్గరగా పెట్టు. పరీక్ష, లైసెన్సు పనులు ఆ రెండు నెలల్లో నడుస్తుంటాయి, గడియారం కదలదు. కానీ ఫారం మాత్రం ముందే వెయ్యి.

లైసెన్సు ఆలస్యమైతే ఏం చేయాలి? నీకు ఆర్‌ఎన్ లైసెన్సు ఉంది కదా, అది నీ చేతిలో ఆయుధం. ఓపీటీలో పని నీ చదువుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. ఆర్‌ఎన్ ఉద్యోగం ఎలా సంబంధించినదో రెండు ముక్కలు రాసి, యూనివర్సిటీలో డీఎస్‌ఓ (విదేశీ స్టూడెంట్ల వీసా సంగతులు చూసే అధికారి) ఒప్పుకున్నాకే చేరు. వారానికి కనీసం 20 గంటలుండాలి. ఉద్యోగం వివరాలు పది రోజుల్లోపు ప్రభుత్వ ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో ఎక్కించాలి.

ఇక ఎవరు తీసుకుంటారనే ప్రశ్న. ప్రతి అప్లికేషన్‌లో ఒక గడి ఉంటుంది: ఇప్పుడు గానీ మున్ముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? అవును అనే పెట్టాలి. పెట్టిన చోటల్లా సగం తలుపులు అక్కడే మూసుకుంటాయి. నాకైతే ఒక క్లినిక్ డాక్టరు ఫోన్లోనే జాయినింగ్ తేదీ చెప్పేశాడు, ఎంత మందిని చూడాలో కూడా మాట్లాడుకున్నాం. రెండు రోజులకు హెచ్ఆర్ నుంచి మెయిల్, "మా పాలసీ ఒప్పుకోదు" అని ఒకే ఒక్క వాక్యం. నేను ఏడ్చింది ఆ క్లినిక్ కోసం కాదు, అప్పటికే ఇంకో రెండు చోట్ల వద్దని చెప్పినందుకు.

తలుపు తెరుచుకునేది యూనివర్సిటీ ఆస్పత్రుల్లో. కారణం దయ కాదు, చట్టం. మామూలు కంపెనీల హెచ్-1బీకి ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు. మార్చిలో రిజిస్ట్రేషన్, లాటరీలో ఎంపికైతే అక్టోబర్ 1 నుంచి పని. 2026 నుంచి ఆ ఎంపికలో జీతం స్థాయి ఎక్కువున్నవాళ్లకు మొగ్గు ఇచ్చారు, కొత్త ఎన్పీకి అది కలిసొచ్చేది కాదు. యూనివర్సిటీలకు, వాటితో అనుబంధం ఉన్న నాన్-ప్రాఫిట్ ఆస్పత్రులకు ఈ పరిమితే లేదు. ఏ నెలలోనైనా పిటిషన్ వేసుకోవచ్చు, లాటరీ ఊసే ఉండదు. ఇంటర్వ్యూలో నువ్వే అడుగు: మీరు క్యాప్ ఎగ్జెంప్టా (ఈ పరిమితి వర్తించనివాళ్లా), యూనివర్సిటీతో రాతపూర్వక అఫిలియేషన్ ఉందా అని. నాన్-ప్రాఫిట్ బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇంకోటి, పల్లెటూళ్లలో పని చేస్తే వీసా మాఫీ అంటూ ఎవరైనా చెప్తే నమ్మకు. ఆ కాన్‌రాడ్ 30 పథకం జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లకే, మనకు కాదు.

హెచ్-1బీ మామూలు ఆర్‌ఎన్‌కు కష్టం, ఎన్పీకి ఆ చిక్కు తక్కువ. ఏపీఆర్‌ఎన్ పోస్టులు సాధారణంగా స్పెషాలిటీ ఉద్యోగం (హెచ్-1బీకి పనికొచ్చే డిగ్రీ స్థాయి పని) కిందకు వస్తాయని 2015 ఫిబ్రవరి మెమోలో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు వచ్చిన లక్ష డాలర్ల ఫీజు గురించి టెన్షన్ పడుతుంటావు. దేశం లోపలే ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారే పిటిషన్‌కు అది వర్తించదని అదే ఏడాది అక్టోబర్‌లో వివరణ ఇచ్చారు. కాబట్టి ఓపీటీ మీద అక్కడుండగానే పిటిషన్ పడాలి. ఇంటికొచ్చి ఇక్కడి నుంచి వేయిద్దాం అనుకుంటే కథ వేరు.

హెచ్-1బీకి వీసాస్క్రీన్ (నర్సు చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) కూడా కావాలి, అమెరికాలో చదివినా సరే. దానికి ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్ అడుగుతారు. కర్నూలులో ఉండగానే రెన్యువల్ చేయించుకుని పో. కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు సీలు కవర్లలో రెండు మూడు సెట్లు తీసి ఇంట్లో పెట్టు. కవరు మూత అంటించిన గీత మీద సగం ఇటు సగం అటు పడేలా కాలేజీ ముద్ర వేయించు. మా క్లర్కు ముద్ర పక్కన వేస్తే, "ఏం తేడా మేడం" అని నన్నే అడిగాడు. సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ వేయించుకున్నా.

కడప_బ్యాంకు:

నేను ఏడు రోడ్ల దగ్గర బ్రాంచిలో లోన్లు చూస్తా. అమ్మాయికి ఒక లెక్క చెప్తా. 45 లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 60,700 కంతు. అది కూడా చదివే రోజుల్లో పేరుకునే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తేనే. మామూలుగా కోర్సు కాలం, ఆపైన ఏడాది కంతులుండవు. ఆ ఏడాదీ మీ ఓపీటీ ఏడాదీ ఒకటే. పైన మేడం చెప్పినట్టు అందులో సగం లైసెన్సులకే పోతే, మొదటి కంతు పడేటప్పటికి చేతిలో నాలుగైదు జీతాలే ఉంటాయి. 2024లో ఎన్పీల మధ్యస్థ జీతం ఏడాదికి 1.29 లక్షల డాలర్లు, కాబట్టి ఉద్యోగం నిలిస్తే లోను తీరడం కష్టం కాదు. నిలవకుండా కర్నూలుకు తిరిగొస్తే 24 వేల జీతంతో ఆ కంతు కట్టలేరు, ఇల్లు పోతుంది. మీ అమ్మగారు భయపడటంలో అర్థముంది.

కర్నూలు_ఐసీయూ:

అక్కా, సార్, చానా థాంక్స్. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి స్టెమ్ గురించి అడిగితే "ఎవరు చెప్పారు మీకు?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఇంకొక్కటి అక్కా. ఎన్‌క్లెక్స్ ఎలాగూ ఉంది, ఈ చదువు గొడవ లేకుండా నేరుగా ఆర్‌ఎన్‌గా గ్రీన్‌కార్డు దారిలో పోతే?

అనంత_ఎన్పీ:

పోవచ్చు, ఓపికుంటే. నర్సులు షెడ్యూల్ ఏ (మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల జాబితా) కిందకొస్తారు కాబట్టి లేబర్ సర్టిఫికేషన్, అంటే అమెరికన్లు దొరకలేదని యజమాని నిరూపించడం, అక్కర్లేదు. మళయాళీ అమ్మాయిలు ఎక్కువగా పట్టుకునే దారి అదే. కానీ ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు క్యూలో ఇండియావాళ్లకు పదేళ్ల పైనే వెనకబాటు ఉంది, షెడ్యూల్ ఏ ఆ క్యూను దాటించదు. ఈలోపు ఎఫ్-1కు పోదామనుకుంటే, ఐ-140 (యజమాని వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) వేసి ఉన్న సంగతి వీసా దరఖాస్తు డీఎస్-160లో చెప్పాలి. స్టూడెంటు వీసాకొచ్చిన పిల్ల గ్రీన్‌కార్డు పిటిషన్ పెట్టుకుందా అని ఆఫీసరు ఆగిపోతాడు. ముందు హెచ్-1బీ దాకా పోయి, అక్కడి యజమానితో ఐ-140 వేయించుకోవడం మేలు. అది అప్రూవ్ అయితే ఆరేళ్ల గరిష్ఠ గడువు తర్వాత కూడా హెచ్-1బీ పొడిగిస్తారు, క్యూలో నిలబడే టైము దొరుకుతుంది.

సంతకం పెట్టే ముందు యూనివర్సిటీకి మెయిల్ పెట్టి మూడు సంగతులు రాతలో తెచ్చుకో. ఒకటి, క్లాసులు క్యాంపస్‌లోనేనా? ఎన్పీ కోర్సులు సగం ఆన్‌లైనే, ఎఫ్-1కు సెమిస్టర్‌లో మూడు క్రెడిట్లకు మించి ఆన్‌లైన్ లెక్కలోకి రాదు. రెండు, క్లినికల్‌కు ప్రిసెప్టర్‌ను (దగ్గరుండి పని నేర్పే డాక్టరో ఎన్పీనో) వాళ్లు చూపిస్తారా, నువ్వే వెతుక్కోవాలా? ఎన్పీ చదువుకు పెట్టిన 2022 ప్రమాణాల ప్రకారం క్లినికల్ కనీసం 750 గంటలు చేయాలి. ఎవరూ తెలియని ఊళ్లో డాక్టర్ల క్లినిక్‌లకు ఫోన్లు చేస్తూ తిరగడం నరకం. పైగా నాకు ఉద్యోగం ఇప్పించింది నా ప్రిసెప్టరే, యూనివర్సిటీ ఆస్పత్రిలో. మూడు, క్లినికల్‌కు సీపీటీ (చదువుతుండగా పని చేసే అనుమతి) ఎలా ఇస్తారు? ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలైతే ఓపీటీ మొత్తం పోతుంది. పార్ట్‌టైమ్ అయితే ఫర్వాలేదు.

కర్నూలు_ఐసీయూ:

జవాబు వచ్చింది. క్లాసులు క్యాంపస్‌లోనే, సీపీటీ పార్ట్‌టైమే. ప్రిసెప్టర్‌ను మాత్రం స్టూడెంటే చూసుకోవాలట. రెండో ఆప్షన్‌గా పెట్టుకున్న ఇంకో యూనివర్సిటీకి సొంత ఆస్పత్రి ఉంది, అక్కడే క్లినికల్ చేయిస్తారట, అడ్మిషన్ స్ప్రింగ్‌కు. ఫీజు కాస్త ఎక్కువ. దానికే పోదామనుకుంటున్నా. బ్యాంకులో ఇచ్చిన ఇంటి కాగితాలు ప్రస్తుతానికి వెనక్కి తెచ్చుకున్నాం.

అనంత_ఎన్పీ:

మంచి పని. ఆ ఆస్పత్రి యూనివర్సిటీదేనా, లేక వేరే కంపెనీది అద్దెకు తీసుకుని నడుపుతున్నారా అది కూడా కనుక్కో. అలాగే వాళ్ల దగ్గర ఓపీటీ మీద చేరిన పాత ఎన్పీ స్టూడెంట్లు ఎవరైనా ఉన్నారేమో అడిగి, ఒకరితో ఫోన్లో మాట్లాడు. రాష్ట్రం పేరు ఇక్కడ చెప్పు, అక్కడ ఏపీఆర్‌ఎన్ లైసెన్సుకు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ముందే కావాలంటారా లేదా చూసి చెప్తా.