అప్‌డేట్: రాయగడ, పాప మోచేతి ఫ్రాక్చర్, డాక్టర్ ఎంపిక

జామచెట్టు మీంచి పడి మా ఆరేళ్ల పాపకు మోచేతికి కాస్త పైన ఎముక విరిగిందని, బరంపురం వెళ్లాలా వైజాగ్ వెళ్లాలా, మామూలు ఆర్థో సరిపోతాడా అని అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ఊరు కాదు, పిల్లల మోచేతులకు (విరిగిన ఎముక కదలకుండా) వైర్లు వేసే అలవాటు ఎవరికుందో కనుక్కోండి" అన్న సలహానే పనిచేసింది. ఫోన్లు చేసి అదే అడిగాం. చివరికి వైజాగ్‌లో పిల్లల ఆర్థో దొరికారు. ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టి ముందు మణికట్టు దగ్గర నాడి చూశారు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టమన్నారు. ఏడుస్తూనే చుట్టింది. నరం బాగానే ఉందని అప్పుడే తేలింది. అంతకుముందు చూపించిన చోట ఇది ఎవరూ చేయలేదు.

ఎముక పక్కకు జరిగింది కాబట్టి ఒట్టి కట్టుతో ఆగదన్నారు. కోత లేకుండా, సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపించే మిషన్) చూస్తూ ఎముక సరిచేసి సన్నటి కె-వైర్లు (ఎముకను పట్టి ఉంచే స్టీలు తీగలు) వేశారు. నెల తిరక్కుండానే ఓపీలోనే తీసేశారు.

ఎమ్మారై, ప్లేట్లు, కాల్షియం టానిక్కు వేటితోనూ పని పడలేదు. చెయ్యి ఎదగదేమోనన్న టెన్షన్ కూడా అనవసరమే. ఈ ఫ్రాక్చర్‌లో అసలు భయం ఎముక వంకరగా అతుక్కోవడమట. నూనె మర్దన మాత్రం ఖచ్చితంగా వద్దన్నారు. మా అత్తగారిని ఒప్పించడం ఆపరేషన్ కన్నా కష్టమైంది! మోచెయ్యి మొదట్లో బిగుసుకుపోయినా ఆటల్లో పడి దానంతట అదే వదులైంది. ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది.