అప్‌డేట్: బీపీ లేని అన్నయ్యకు బీపీ మాత్ర ఎందుకో తెలిసింది

హెచ్‌ఐవీ ఉన్న మా అన్నయ్యకు మూత్రంలో ప్రోటీన్ పోతోందని, రక్తపోటు మామూలుగానే ఉన్నా బీపీ మాత్ర రాశారని, అది పొరపాటేమోనని అప్పుడు అడిగాను. పొరపాటు నాదే.

మూత్రపిండాల డాక్టరు గారు ఓపికగా వివరించారు. వైరస్ మూత్రపిండ కణాల్లోకి కూడా చేరుతుంది. దాని నెఫ్, వీపీఆర్ జన్యువుల ప్రభావంతో వడపోతను కాపాడే పోడోసైట్లు అనే కణాలు తమ పని మరచి, విభజన మొదలుపెడతాయి. ఎదిగిన పోడోసైట్లు మామూలుగా అలా చేయవు. చివరికి వడపోత గుచ్ఛమే, అంటే రక్తాన్ని వడకట్టే సన్నని నాళాల ముద్దే, కుప్పకూలుతుంది.

ఇక హార్మోన్ల సంగతి. మూత్రపిండాలు వదిలే రెనిన్‌తో మొదలయ్యే గొలుసులో పుట్టే యాంజియోటెన్సిన్-2 రక్తనాళాలను బిగించడంతో ఆగదు. గుచ్ఛం లోపలి ఒత్తిడిని పెంచుతుంది, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను ఎగదోసి మచ్చ కట్టిస్తుంది. చేతికి పట్టీ చుట్టి కొలిస్తే ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది! విటమిన్ డి గ్రాహకం, అంటే కణాల్లో విటమిన్ డిని అందుకునే ప్రోటీన్, రెనిన్‌కు ఒక కళ్లెం లాంటిదట. వైరస్ ఆ కళ్లేన్ని కూడా సడలిస్తుందని కణాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

అందుకే యాంజియోటెన్సిన్-2 తయారీని తగ్గించే ఏసీఈ నిరోధకం ఇచ్చారు, ఆ బీపీ మాత్ర ఇదే. అసలు చికిత్స హెచ్‌ఐవీని అణిచే యాంటీరెట్రోవైరల్ మందులే, ఇది వాటికి తోడు. ఆ మందుల్లో ఒకటైన టెనోఫోవిర్ వల్ల కూడా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు కాబట్టి బయాప్సీ (మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేశాకే ఇది వైరస్ వల్ల వచ్చిన జబ్బని నిర్ధారించారు. అది నేను మొదట రాయనే లేదు, క్షమించండి.

మాత్ర మొదలుపెట్టిన రెండు వారాలకు చేసిన పరీక్షలో రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ అదుపులోనే ఉన్నాయి. మూత్రంలో పోయే ప్రోటీన్ కొంచెం తగ్గింది.