సీసాలో నవనవలాడిన అరటి మొక్కలు కుండీలోకి రాగానే ఎందుకు చచ్చిపోతున్నాయి?

అరటిమొవ్వ:
ఎనిమిది నెలలు కష్టపడి ఒక్క పిలక మొగ్గ నుంచి టిష్యూ కల్చర్‌లో, అంటే మొక్క ముక్కను సీసాలో పోషకాల మీద పెంచే పద్ధతిలో, 32 మొక్కలు తీశాను. ఎంఎస్ మాధ్యమం (మొక్కకు కావలసిన లవణాలు కలిపిన పోషక మిశ్రమం), లీటరుకు 30 గ్రాముల చక్కెర, పీహెచ్ 5.8. అంతా పద్ధతి ప్రకారమే చేశాను. వేళ్లు కూడా చక్కగా వచ్చాయి. సోమవారం కుండీల్లో నాటితే గురువారానికి 26 మొక్కలు తలలు వాల్చేశాయి. మట్టిలో తడి ఉంది. మరి ఎండిపోవడం ఏమిటి? మిగిలిన ఆరింటినైనా బతికించుకోవాలి.

గాజుసీసా:
మట్టిలో తడి ఉంటే సరిపోదండీ, గాలిలోనూ ఉండాలి. మూసిన సీసాలో తేమ దాదాపు నూటికి నూరు శాతం. అందులో పెరిగిన ఆకుకు పైన మైనపు పొర సరిగా పట్టదు, పత్రరంధ్రాలు వేళకు మూసుకోవు. బయటి గాలి తగిలితే నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అగార్‌లో, అంటే సీసాలోని ఆ జెల్లీలో, పుట్టిన వేళ్లు అంత నీటిని తోడి ఇవ్వలేవు. పైగా ఇన్నాళ్లూ మీ చక్కెర మీద బతికినవి అవి. సొంతంగా వండుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

ఆరింటినీ వెంటనే నీడలోకి మార్చి, పారదర్శకమైన డబ్బా బోర్లించండి. వారం పాటు తీయకండి. ఆ తర్వాత రోజూ కాసేపు, మెల్లగా సమయం పెంచుతూ గాలి తగలనివ్వండి. పాత ఆకులు పోయినా బెంగపడకండి. బయట విచ్చుకున్న కొత్త ఆకే మొక్కను నిలబెడుతుంది. నా మొదటి విడత ఆర్కిడ్లన్నీ ఇలాగే పోయాయి. ఆ బాధ నాకు తెలుసు.

వేరుపురుగు:
వేళ్లకు అంటిన అగార్ కడిగారా? అందులో చక్కెర ఉంటుంది, బూజుకు అదే విందు. మట్టి కన్నా కొబ్బరి పొట్టు, పర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజ గుళికలు) కలిపిన మిశ్రమం మేలు. ఇంకో మాట. మొగ్గను ఎన్నిసార్లు విడదీశారు? విడదీసే కొద్దీ తల్లిని పోలని మొక్కలు పెరుగుతాయి. 1981లో లార్కిన్, స్కోక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్తలు దీనికి సోమాక్లోనల్ వైవిధ్యం అని పేరు పెట్టారు. అరటిలో పొట్టి మొక్కలుగా ఎక్కువగా కనిపిస్తుంది.

అరటిమొవ్వ:
ఆరుసార్లు విడదీశాను. అగార్ కడగలేదు, పైగా ఎండలో పెట్టాను. ఇప్పుడు కడిగి, మిశ్రమం మార్చి, డబ్బా బోర్లించాను. నాలుగింటికి మొవ్వ ఇంకా పచ్చగానే ఉంది. అది విచ్చుకునే దాకా డబ్బా కదపకూడదా?

గాజుసీసా:
వారం దాటాక కదపవచ్చు. ఆకు వాలితే మళ్లీ మూయండి. మొవ్వ పచ్చగా ఉందంటే మొక్క బతికే ఉంది.