నాన్న అంబాసిడర్ ఇంజన్‌తో పాత ఎంజీ నకలు: ఏ బాడీ కట్టించమంటారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై నాలుగేళ్లు రెంచీ పట్టి పోయిన ఏడాది రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో చిన్నమ్మాయి పెళ్లికి పక్కన పెట్టగా కొంత మిగిలింది. ఎఫ్‌డీ వెయ్యమని మా అబ్బాయి, బంగారం కొనమని మా ఆవిడ. నాకేమో ఒక కారు కట్టించుకోవాలని ఉంది. కొనడం కాదండీ, కట్టించుకోవడం.

నా చిన్నప్పుడు మా నాన్న తన అంబాసిడర్‌ని బాగుచేయించే షెడ్డులో ఒక కేలండరు వేలాడేది. ఎర్ర కారు, రెండే సీట్లు, పైన టాపు లేదు. సంవత్సరం మారిపోయినా దాన్ని గోడ మీంచి ఎవరూ తీసేవారు కాదు. అది ఎంజీ అనే కంపెనీ కారు, పేరు ఎంజీఏ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1955 నుంచి 1962 వరకు ఇంగ్లండులో చేశారు. నన్ను పడగొట్టిన విషయం ఇంకోటి ఉంది. మొదట్లో దానిలో పెట్టిన ఇంజన్ 1489 సీసీ బి సిరీస్. మన అంబాసిడర్ బానెట్ ఎత్తితే కనిపించేది కూడా ఆ కుటుంబం ఇంజనే! కేలండరులో కారు, షెడ్డులో కారు అన్నదమ్ములన్నమాట.

నాన్న కారు 1973లో రిజిస్ట్రేషన్ అయిన మార్క్ 2 మోడలు అంబాసిడర్. పదకొండేళ్లుగా ఇంటి వెనక రేకుల కింద ఉంది. ఇంజన్ బాగానే ఉంది, నేనే చూసుకుంటాను. బాడీ మాత్రం ఉప్పుగాలికి కింద నుంచి తినేసింది. డ్రైవరు కాళ్ల దగ్గర నేల కనిపిస్తుంది.

ఇలాంటి నకలు కార్లు ఫైబర్‌తో కట్టే షెడ్డు ఒకటి కోయంబత్తూరులో చూసొచ్చాను. నా ఇంజనూ గేర్‌బాక్సూ తెస్తే మూడు రకాల్లో ఏదైనా కడతామన్నారు: టాపులేని ఎంజీఏ, దాన్లోనే టాపు మూసి ఉన్న కూపే, లేదంటే దానికంటే పాతది, పొడుగు మడ్‌గార్డులూ కాలుపెట్టే మెట్టూ ఉన్న ఎంజీ టీడీ. పైన ఆప్షన్లు అడుగుతున్నారు. తీగల చక్రాలా, రేకు చక్రాలా? అద్దాలా, పక్క తెరలా? ఏసీ కావాలా? రంగేంటి? నా మనసు ఎర్ర ఎంజీఏ మీదే, తీగల చక్రాలతో. ఆదివారం పొద్దున్నే మా ఆవిడతో కళింగపట్నం దాకా వెళ్లి రావాలి, అంతే నా కోరిక. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత ఇనుము (విజయనగరం)

మాస్టారూ, మీ ఇంజన్ లెక్క కరెక్టే. ఎంజీఏలో దానికి పెట్రోలూ గాలీ కలిపే కార్బ్యురేటర్లు రెండు పెట్టి 70 హార్స్‌పవర్ చుట్టుపక్కల లాగారు. అంబాసిడర్‌లో ఒకటే, అంత లాగదు. అయినా కారు బరువు తగ్గుతుంది కాబట్టి కళింగపట్నం రోడ్డుకి చాలు.

గొడవ ఇంజన్‌తో కాదు, కింద ఉన్నదానితో. అంబాసిడర్‌కి జీపులాగా విడిగా చాసిస్ (బండిని మోసే అడుగు ఫ్రేము) లేదు. బాడీయే చాసిస్. పై రేకు విప్పి ఫైబర్ బొమ్మ తగిలించేద్దామంటే మిగలడానికి ఏమీ ఉండదు. వాళ్లు కొత్తగా పైపుల ఫ్రేము కట్టాలి. ముందు సస్పెన్షన్ టోర్షన్ బార్లది (స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు), ఆ బార్ల వెనక చివర్లు పట్టుకునేందుకు ఫ్రేములో గట్టి చోటు ఉండాలి. గేరు రాడ్డు స్టీరింగ్ మీద ఉంటుంది, దాన్ని కిందకి దింపాలి. అప్పుడది మీ నాన్నగారి కారు ఎలా అవుతుంది? ఆయన కారు ఇంజన్ ఉన్న వేరే కారు అవుతుంది. మన దేశంలో కొందరు టీడీ నకళ్లు జీపు చాసిస్ మీద కట్టడానికి కారణం ఇదే. అడుగున గట్టి నిచ్చెన ఉంటుంది, పైన ఏది కూర్చోబెట్టినా మోస్తుంది.

ఇక మూడింటిలో ఏదంటే, ఫోటో చూసి తేల్చకండి. ఎంజీఏలో సీటు నేల మీద ఉన్నట్టే. మీ ఇంట్లో పూజకి వేసుకునే పీట ఉంటుందిగా, దాని మీద కూర్చుని కాళ్లు ముందుకి చాపండి. మోకాళ్ల ఎత్తులో ఒక కర్ర అడ్డం కట్టించండి, అది డాష్‌బోర్డు. ఇప్పుడు చేత్తో నేల ఆనకుండా పక్కకి తిరిగి లేవండి. తర్వాత మేడమ్‌గారిని చీరలో లేవమనండి. ఆ ఫలితం వచ్చాక మాట్లాడుకుందాం. నవ్వులాటకి అనడం లేదు, నేను ఇదే పొరపాటు చేసి ఒక చిన్న కారు కొన్నాను. దానిలోంచి దిగడానికి నాకు ఇప్పటికీ ఇద్దరు కావాలి.

కూపే మాత్రం వద్దు. ఎంజీఏ రెండు రకాల్లో తలుపులకి బయట పిడి, దింపే అద్దాలు ఉన్నది దానికే, నిజమే. కానీ మే నెలలో ఆ గుండ్రటి అద్దాల కింద కూర్చుంటే గుడ్డు ఉడుకుతుంది. ఏసీ పెడితే ఉన్న కాస్త శక్తీ అది తినేస్తుంది.

తెప్పల ఫైబర్ (గార మండలం)

కార్ల గురించి నాకు తెలీదు బాబూ, ఫైబర్ గురించి అయితే చెప్పగలను. ఇరవై ఏళ్లుగా మా ఒడ్డున తెప్పలకి అతుకులు వేస్తున్నాను. గాజునార మ్యాటు పరిచి, గట్టిపడే రెజిన్ పూసే పని ఎక్కడైనా ఒకటే.

షెడ్డువాళ్లని మూడు ముక్కలు అడగండి. తలుపు కీలు పట్టే చోట ఫైబర్ లోపల ఇనుప ప్లేటు పెడుతున్నారా? వట్టి ఫైబర్‌కి బోల్టు వేస్తే గోతుల్లో దడదడకి ఏడాదిలో చుట్టూ గీతలు వస్తాయి. తెప్పకి ఇంజన్ బిగించే చోట మేం చెక్క పెట్టకుండా వెయ్యం, ఇదీ అంతే. రెండోది, ఫైబర్‌లో కరెంటు పారదు. ఇనుప కారులో బాడీయే ఎర్తు. ఇందులో ప్రతి లైటుకీ విడిగా ఎర్తు వైరు లాగాలి. లాగకపోతే హారన్ కొడితే లైటు ఆరుతుంది, లైటు వేస్తే హారన్ మూగబోతుంది. మూడోది, రంగు. ముదురు రంగు వేస్తే మన ఎండకి రెజిన్ మెత్తబడి లోపలి మ్యాటు గళ్లు పైకి కనిపిస్తాయి. ఎరుపు మీ ఇష్టం గానీ, పాలమీగడ రంగు వేస్తే పదేళ్లు నునుపుగా ఉంటుంది. కోయంబత్తూరు వాళ్లకి మన ఉప్పుగాలి సంగతి తెలియదు. ఫైబర్‌కి తుప్పు పట్టదు, సరే, కింద ఫ్రేముకి పడుతుంది. పైపు లోపల కూడా పూత పోయమనండి.

తీగల చక్రాలు మాత్రం సముద్రం దగ్గరికి తేవద్దు. నా సైకిలు చూస్తే మీకే తెలుస్తుంది.

కాగితాల పని (విజయనగరం)

ఇన్సూరెన్సు పని మీద రోజూ ఆర్టీవో ఆఫీసుకి తిరిగేవాడిని. గురువుగారూ, అడ్వాన్సు ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆగండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. జీపు చాసిస్ మీద కట్టినా, కొత్త ఫ్రేము మీద కట్టినా ఈ ప్రశ్న వస్తుంది. ఆర్సీలో ఒక బండి, రోడ్డు మీద ఇంకో బండి ఉంటే రేపు చిన్న దెబ్బ తగిలినా ఇన్సూరెన్సు క్లెయిమ్ చేతికి రావడం కష్టం. "అందరూ తిప్పుతున్నారు కదా" అని షెడ్డువాళ్లు అంటారు. తిప్పేది వాళ్లు కాదు, మీరు. ముందు ఆర్టీవోకి అర్జీ పెట్టి జవాబు కాగితం మీద తీసుకోండి. అనుమతి రాకపోతే ఆ కారు మీ తోటలో తిప్పుకోవడానికే.

ఇంకో మాట. మీ అంబాసిడర్‌కి 50 ఏళ్లు దాటాయి. 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం, అసలు రూపం మారకుండా ఉంటే దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ముందే రిజిస్టరైన బండి కాబట్టి పాత నంబరు ఉంచుకోవచ్చు; కొత్త నంబరు తీసుకుంటేనే రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజూ బజారుకి తిప్పడానికి మాత్రం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేరుకీ, ఇలాంటివాటికే. ఆ ఇంజన్ ఒక్కసారి విప్పి కోయంబత్తూరు పంపారా, ఆ అవకాశం పోయినట్టే.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదండీ. మీ పుణ్యం.

పీట పరీక్ష పెట్టాం. నేను లేచాను గానీ పక్కనున్న గోడ పట్టుకున్నాను, దాన్ని కారులో ఎక్కడ పెడతారో తెలీదు. మా ఆవిడ కూర్చుంది. లేవమంటే, "ఏటి, ఇలాగా నన్ను కళింగపట్నం తీసుకెళ్తారు?" అని నవ్వడం మొదలెట్టింది, ఆ నవ్వుకి అసలు లేవలేకపోయింది. పక్కింటి కుర్రాడిని పిలిచాం. ఎంజీఏ కథ అక్కడితో అయిపోయింది.

మరి టీడీ అయితే ఎలా ఉంటుందంటారు? దానికి తీగల చక్రాలు లేకపోతే బాగోదేమో అని ఒక్కటే నా బాధ.

పాత ఇనుము (విజయనగరం)

బాధ అక్కర్లేదు మాస్టారూ. టీడీకి కంపెనీవాళ్లు తీగల చక్రాలు ఇవ్వనే లేదు. దాని ముందు వచ్చిన టీసీకి ఉన్నాయి, తర్వాత వచ్చిన టీఎఫ్‌కి ఆప్షన్‌గా ఇచ్చారు. 1950 నుంచి 1953 దాకా చేసిన దాదాపు ముప్పై వేల టీడీలు గుండ్రటి రేకు చక్రాలతోనే బయటికొచ్చాయి, వాటిలో ఎక్కువ అమెరికా వెళ్లాయి. కాబట్టి మీరు రేకు చక్రాలు వేస్తేనే అసలుకి దగ్గర. డబ్బు కూడా మిగులుతుంది.

కూర్చోవడం కుర్చీ మీద కూర్చున్నట్టే, నిటారుగా. తలుపుకి కీలు వెనక వైపు, ముందు నుంచి తెరుచుకుంటుంది. చీర కట్టుకున్నవాళ్లు ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. కానీ నడుస్తుండగా గొళ్లెం ఊడిందంటే గాలి ఆ తలుపుని పూర్తిగా వెనక్కి విరిచేస్తుంది. తెప్పల బాబు చెప్పిన ప్లేటు, దానితో పాటు రెండో గొళ్లెం, ఈ రెండూ వేయించకుండా బండి తీసుకోవద్దు. ముందు అద్దం బానెట్ వైపు పడుకోబెట్టే ఏర్పాటు అడుగుతారు, చూడ్డానికి బాగుంటుంది. సాయంత్రం పూట అద్దం పడుకోబెట్టి పొలాల పక్కన నడిపితే ఎన్ని పురుగులు నోట్లోకి వెళ్తాయో లెక్కపెట్టుకోండి. టాపు గుడ్డ, పక్క తెరలు మాత్రం మంచివి వేయించండి, అక్టోబరు వానలు మీకు నేను చెప్పాలా?

టీడీలో ఉండాల్సింది 1250 సీసీ ఇంజన్, బి సిరీస్ కాదు. బానెట్ ఎత్తి తప్పుపట్టేవాళ్లు మన రెండు జిల్లాల్లో నాకు తెలిసి నేనొక్కడినే. నేను ఏమీ అనను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

నిర్ణయం రాస్తున్నాను, సలహాలు ఇచ్చినవాళ్లకి తెలియాలి కదా. టీడీ బాడీ, రేకు చక్రాలు, పాలమీగడ రంగు, లోపల సీట్లు మాత్రం ఎరుపు (కేలండరుకి అంతైనా ఇవ్వాలి). ఏసీ లేదు, పడుకునే అద్దం లేదు. ఇంజన్ నాన్న కారుది కాదు, విశాఖ పాత సామాన్ల దుకాణాల్లో వేరేది వెతుకుతాను. అర్జీ సోమవారం ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. జవాబు వచ్చేదాకా షెడ్డువాళ్లకి ఒక్క రూపాయి వెళ్లదు. కుదరదంటే మా తమ్ముడి జీడితోట ఉంది, చుట్టూ మట్టిరోడ్డు కూడా ఉంది.

ఈలోగా నాన్న కారు రేకుల కింద నుంచి బయటికి తోశాం, నేనూ పీట పరీక్షలో సాయం వచ్చిన కుర్రాడూ. ఫ్లోరుకి అచ్చంగా పాత కొలతలతోనే రేకు కోయిస్తున్నాను. ముందు చిన్న గళ్ల గ్రిల్లు సగం పోయింది. మార్క్ 2ది, మార్క్ 3ది కాదు, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను.