కాల్విన్ జాన్సన్‌కు మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్: తొమ్మిది సీజన్లు సరిపోతాయా?

గజాలలెక్క:
డెట్రాయిట్ లయన్స్ మాజీ వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకుని ముందుకు పరుగెత్తే ఆటగాడు) కాల్విన్ జాన్సన్‌ను 2021లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే, అమెరికన్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేయడం పొరపాటని నా అభిప్రాయం. అతని ప్రతిభను నేను శంకించడం లేదు. నా అభ్యంతరమంతా ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరుస గురించే. 2007 నుంచి 2015 వరకు 135 మ్యాచ్‌లు ఆడి, 731 పాస్‌లు అందుకుని, 11,619 గజాలు, 83 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) సాధించాడు. టోరీ హోల్ట్ 13,382 గజాలు చేసి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఆడి కూడా ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఐజాక్ బ్రూస్ 15,208 గజాలు చేసినా 2020 దాకా ఆగవలసి వచ్చింది. టెరెల్ ఓవెన్స్ సంగతి మరీ అన్యాయం. ఆట ముగించేనాటికి గజాలలో జెర్రీ రైస్ తర్వాతి స్థానం అతనిదే అయినా, ప్రవర్తన బాగాలేదన్న సాకుతో రెండుసార్లు పక్కన పెట్టి, 2018లో గానీ పిలవలేదు. అలిగిన ఆయన హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కాంటన్‌లో జరిగిన వేడుకకు వెళ్లనే లేదు. సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్‌లలో ఒక్క మ్యాచ్ కూడా గెలవని ఆటగాడికి ఈ ముగ్గురికీ దక్కని గౌరవాన్ని ఏ కొలతతో ఇచ్చారు?

మైదానం81:
గజాలలెక్క గారూ, మీరు కూడికలు చేశారు గానీ భాగహారం వదిలేశారు. జాన్సన్ మ్యాచ్‌కు సగటున 86 గజాలు చేశాడు. హోల్ట్ సగటు 77, ఓవెన్స్‌ది 73. మొత్తం 22,895 గజాలు పోగుచేసిన రైస్ సగటు కూడా 76 దాటలేదు. ఆట మానేసి ఐదేళ్లు గడవాలని, ఓటర్లలో 80 శాతం మంది అంగీకరించాలని నిబంధన ఉంది గానీ, ఇన్నేళ్లు ఆడి తీరాలన్న షరతు లేదు. గేల్ సేయర్స్ 68 మ్యాచ్‌లే ఆడి, 1977లో 34 ఏళ్లకే ఎంపికయ్యాడు. ఇక ప్లేఆఫ్‌ల మాట: 2012 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌పై జాన్సన్ 211 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేశాడు, లయన్స్ రక్షణ వరుస 45 పాయింట్లు సమర్పించుకుంది. ఆ ఓటమిని రిసీవర్ ఖాతాలో రాయడం ఎలాంటి న్యాయం? 2008లో లయన్స్ పదహారు మ్యాచ్‌లకు పదహారూ ఓడి, కిట్నా, ఒర్లోవ్‌స్కీ, కల్‌పెప్పర్ అంటూ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌లను మారుస్తూ పోయిన సీజన్‌లోనూ జాన్సన్ 1,331 గజాలు చేసి, 12 టచ్‌డౌన్ క్యాచ్‌లతో లీగ్‌లో మొదటి స్థానాన్ని లారీ ఫిట్జ్‌జెరాల్డ్‌తో పంచుకున్నాడు.

గజాలలెక్క:
సగటు ఎప్పుడూ ముప్పై ఏళ్లకే తప్పుకున్నవాడి పక్షమే వహిస్తుంది. రైస్ సగటులో నలభై దాటాక ఆడిన మ్యాచ్‌లు కూడా కలిసి ఉన్నాయి. సేయర్స్‌ను చూపారు సరే, 78 మ్యాచ్‌లు ఆడిన టెరెల్ డేవిస్ 2017 దాకా ఎదురుచూశాడు కదా! అందరూ చెప్పుకునే 2012 నాటి 1,964 గజాల రికార్డును, అంటే 1995లో రైస్ నెలకొల్పిన 1,848ని దాటిన ఆ రికార్డును, నేను అంత గొప్పగా చూడలేను. ఆ ఏడాది లయన్స్ క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్ 727 పాస్‌లు విసిరాడు. అప్పటికి అంతకు మించి ఎవరూ విసరలేదు. వెనకబడిన జట్టు విసురుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు పట్టుకుంటూనే ఉంటారు. ఇంతా చేసి జట్టు గెలిచింది నాలుగు మ్యాచ్‌లు, జాన్సన్ టచ్‌డౌన్లు ఐదు.

నోవైనివాసి:
మిషిగన్‌లో ఉంటున్నవాడిగా నా మాట కూడా వినండి. ఆ 1,964 గజాలు 122 క్యాచ్‌లతో వచ్చాయి, అంటే క్యాచ్‌కు 16 గజాల పైమాటే. విసుర్ల సంఖ్య వల్ల మాత్రమే పెరిగిన లెక్కయితే అవి ఐదారు గజాల పొట్టి పాస్‌లై ఉండేవి. మరుసటి ఏడాది అక్టోబరులో డల్లాస్‌పై 14 క్యాచ్‌లతో 329 గజాలు చేశాడు. 1989లో ఫ్లిప్పర్ ఆండర్సన్ చేసిన 336 ఒక్కటే అంతకంటే ఎక్కువ, అదీ అదనపు సమయం కలుపుకుని.

క్రికెట్ తప్ప మరో ఆట తెలియని నేను క్యాచ్ నియమాన్ని నేర్చుకున్నది కూడా ఇతని పుణ్యమే. 2010 సెప్టెంబరులో షికాగోపై గెలుపు తెచ్చిపెట్టవలసిన అతని క్యాచ్‌ను, నేలకు తాకుతూ బంతి చేజారిందని చెల్లదన్నారు. బంతిమీదే కాక తన కదలికమీద కూడా అదుపు వచ్చేదాకా క్యాచ్ పూర్తికాదనే క్రికెట్ సూత్రంలాంటిదే కదా అని నాకు తోచింది గానీ, ఇక్కడి అభిమానులు ఎనిమిదేళ్లు, అంటే 2018లో ఆ నియమాన్ని సవరించేదాకా, శాంతించలేదు.

ముప్పై ఏళ్లకే తప్పుకోవడాన్ని లోపంగా చూడటం మాత్రం నాకు నచ్చలేదు. చివరి సీజన్‌లోనూ 1,214 గజాలు చేసినవాడు ఆట చేతకాక మానలేదు, ఒళ్లు హూనమై మానాడు. ఒప్పందం మిగిలి ఉందని జట్టు యాజమాన్యం బోనస్‌లో పది లక్షల డాలర్లకు పైగా వెనక్కి రాబట్టింది. 1999లో ఇదే జట్టు ఆటగాడు బ్యారీ శాండర్స్ తప్పుకున్నప్పుడూ ఇలాంటి పేచీయే నడిచింది. జాన్సన్‌తో రాజీ కుదిరి, అతని పేరు స్టేడియంలో చేరేసరికి 2024 వచ్చింది.

గజాలలెక్క:
నోవైనివాసి గారూ, క్యాచ్‌కు 16 గజాలన్న లెక్కకు నా దగ్గర జవాబు లేదు. 2012 గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. బోనస్ విషయంలోనూ నేను ఆటగాడి పక్షమే. వరుస మాట మాత్రం వదలను. ఓటు నా చేతిలో ఉండి ఉంటే 2021లో హోల్ట్ పేరు, 2022లో జాన్సన్ పేరు రాసేవాడిని.